కోనసీమ మాటలు: లంక

వెనుకటి సంచికలో కోన యను మాటను ముగించునప్పుడు, దాని వెంట రావలసినది లంక యను మాటయే యని చెప్పియుంటిని. రెండక్షరముల మాట, నడుమ నొక సున్న. కాని గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగినవారికి ఈ మాట చెవిని బడగానే తోచు నర్థము వేరు, రామాయణము పురాణకాలక్షేపముగా విని పెరిగిన మెట్టసీమవారికి తోచు నర్థము వేరు, గ్రహగణితము చేయు సిద్ధాంతికి తోచునది వేరు, చుట్ట చుట్టి అమ్ముకొనువానికి తోచునది వేరు. ఒక్క మాట ఇన్ని తావుల ఇన్ని విధముల నిలిచియుండగా, వీనిలో ముందు పుట్టిన యర్థమేది, దానినుండి పుట్టినది ఏది, లేక ఇవి యొకదానికొకటి సంబంధము లేని మాటలా యను విచారము సహజముగనే కలుగును. ఆ విచారమును కోనసీమ నేలమీద నిలువబడి చేయుట మేలని నా నమ్మకము. ఏలయన, పుస్తకములలో పేరుగా మిగిలిన ఈ శబ్దము ఇచ్చట నేటికిని మాటగా బ్రతికియున్నది.

ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలుచున్నది. వసిష్ఠనుండి గన్నవరము కడ వైనతేయ విడివడి ఓడలరేవు వద్ద సముద్రమున గలియుచుండగా, వసిష్ఠ అంతర్వేది వైపునకు సాగుచున్నది. ఈ పాయల నడుమనున్న సీమ యంతయు చుట్టును నీరు గలదే యైనను, అమలాపురమును గాని కొత్తపేటను గాని ఎవ్వరును లంక యని పిలువరు. లంక యనగా ఏటిగట్టునకు లోపలి నేల: పాయ గర్భమున మేట వేసి, ఒండ్రు పట్టి, పైరు నిలుపగల నేల. సముద్రము నడుమ నున్నది దీవి యనబడును. కృష్ణ ముఖద్వారమునందలి దివిసీమ పేరులో వినబడుచున్నదియు ద్వీపశబ్దమునుండి వచ్చిన ఆ మాటయే. కాగా, వాడుకలో లంక నదికి చెందిన మాట, ఒండ్రునకు చెందిన మాట, వరదకు చెందిన మాట. చుట్టు నీరున్నదను లక్షణము కంటె నది యిచ్చిన నేల యను లక్షణమే దానికి ప్రధానము.

ఆ నేల పుట్టుట చూడదగిన విషయము. శ్రావణ భాద్రపదముల వరద తీసిన పిదప, ప్రవాహము మందగించిన తావున, నీటిలోనుండి ఏనుగు వీపువలె ఒక ఇసుక మేట తేలును. ఆ యేడు అది ఉత్త ఇసుక. పశువు కూడ దానిపై నిలువదు. మరుసటి యేటికి దానిమీద రెల్లు, తుంగ మొలచును. ఆ రెల్లుదుబ్బులు తరువాతి వరదనీటిని అడ్డగించి, అందలి ఒండ్రును పట్టి నిలుపును. ఇట్లు వరదకొక పొర చొప్పున నేల పెరుగును; ఏటివైపున కోతపడి నిట్టనిలువుగా తెగిన యంచును దగ్గరనుండి చూచినచో, నల్లని జిగురుమట్టి పొర, దాని క్రింద వ్రేలెడు మందమున సన్నని ఇసుక, దాని క్రింద మరల నల్లమట్టి, నడుమ నడుమ కుళ్ళిన రెల్లువేళ్ళు, ఏ వరద పెద్దదో ఏ వరద చిన్నదో మందమునుబట్టి పోల్చుకొనదగినట్లు కనబడుచుండును. ముందు దోస, పుచ్చ పాదులు పెట్టుదురు. మట్టి బలిసిన పిదప పొగాకు, మిరప వేయుదురు. ఇంకను మెరక యైన పిదప అరటి, కొబ్బరి వచ్చును. పంట కాపునకై వేసికొన్న పాకలు కొన్నాళ్ళకు ఇండ్లగును, ఇండ్లు ఊరగును. ఇది యొక వైపు కథ. ఒక లంకకు మేట వేసిన పాయయే ఎదుటి లంకను కోసికొని పోవుచుండును; తాతనాటి తోట మనుమని నాటికి ఏటి నడుమ నుండుట ఇచ్చట వింత గాదు.

ఊర్ల పేర్లు చదివిన చాలు, ఈ చరిత్ర యంతయు వానిలోనే యున్నది. గేదెల్లంక, పశువుల్లంక యను పేర్లు అవి పూర్వము మేతబీళ్ళని చెప్పుచున్నవి. బొబ్బర్లంకలో బొబ్బర్లు, గోగుల్లంకలో గోగు వినబడుచున్నవి. యానామునకు గౌతమి అవతలి యొడ్డున ఎదురుగా నున్నది ఎదుర్లంక. ఊడిమూడి వారిది ఊడిమూడిలంక, పెదపట్నము వారిది పెదపట్నంలంక, శానపల్లి వారిది శానపల్లిలంక, సఖినేటిపల్లి వారిది సఖినేటిపల్లిలంక: గట్టుమీది తల్లియూరు ముందు, ఏటిలోని లంక తరువాత నను క్రమమును ఈ పేర్లు పట్టి యిచ్చుచున్నవి. గట్టుమీదివారు పొద్దున పడవ దాటి పోయి దున్నుకొని, సాయంకాలమునకు మరలి వచ్చుచుండిన కాలము నాటి పేర్లివి. అప్పనరామునిలంక, బడుగువానిలంక, వీధివారిలంక వంటి పేర్లలో ఒక మనుష్యుడో ఒక కుటుంబమో నిలిచియున్నారు. ఆ మనుష్యులెవరో మరచిపోబడినను, నేలను తొలుత పట్టినవారి పేరు నేలకు మిగిలినది.

పశువులు లంకకు మేతకు పోవుటను గూర్చి మనకొక సామెత కలదు: లంక మేత, గోదావరి ఈత. పొద్దున ఏరు ఈది పోయి కడుపునిండ మేసిన పశువు, సాయంకాలము మరల ఏరు ఈది యింటికి చేరునప్పటికి తిన్నదంతయు అరిగిపోయి, కడుపు మొదటివలెనే యుండును. పడిన శ్రమకును పొందిన ఫలమునకును చెల్లుకు చెల్లైన పనులన్నింటికి ఈ సామెత తెలుగుదేశమంతట చెల్లుచున్నది. గోదావరిని చూడని రాయలసీమ రైతు కూడ దీనిని వాడును. సామెతలోని లంకకు రావణునితో ఏమియు పనిలేదు; ఇది పచ్చిక మేయు లంక.

రావణుని లంక వేరు సామెతలలో నున్నది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నప్పుడు మనకు విభీషణుడు తోచును. లంకంత కొంప అన్నప్పుడు త్రికూటముమీద విశ్వకర్మ నిర్మించిన నగరము తోచును. ఇచ్చట లంక ఒక్కటే, దానికి బహువచనము లేదు. కోనసీమలోనో, లంకలు అనునదియే సహజమైన రూపము: లంకలు మునిగినవి, లంకలు తేలినవి, లంకలలో పని దొరకుచున్నది. బహువచనము గలుగునది జాతివాచకము, లేనిది సంజ్ఞావాచకము. ఒకే శబ్దము ఒకే భాషలో, ఒకే మనిషి నోట, రెండు విధములను మోయుచున్నది. రామాయణము చెప్పుచున్న పురాణికుడు లంకకు వంతెన కట్టిరి అన్నప్పుడు, వినుచున్న కోనసీమ రైతునకు తన లంకకును ఒక వంతెన యుండిన బాగుండునని తోచుట, రెండర్థములును ఎంత చేరువ నున్నవో తెలుపుచున్నది.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. చూపునకు చుట్టములవలె కనబడు లంకె, లంకణము, లంకించుకొను అను మాటలు ఈ కుటుంబమునకు చెందవు. లంకెబిందెలలోని లంకె ఒకదాని నొకటి పట్టియుండు కొక్కెము, జత. లంకణము సంస్కృత లంఘనమునుండి వచ్చిన ఉపవాసము. లంకించుకొనుటయు లంఘించుటనుండి వచ్చినదే. ఇక లంక యను ఇంటిపేరు మాత్రము ఈ మాటయే. 1952 ఎన్నికలలో విశాఖపట్టణమునుండి తొలి లోక్‌సభకు వెళ్ళిన లంకా సుందరముగారి వంటివారి వలన అది దేశమెరిగిన ఇంటిపేరైనది.

నిఘంటువులేమనుచున్నవి? అమరసింహుడు వారివర్గమున నీటి నడుమ నేలకు ద్వీపము, అంతరీపము అను పేర్లను, నీటినుండి తేలిన నేలకు పులినము, సైకతము అను పేర్లను చెప్పినాడు గాని, ఆ వరుసలో లంకను చెప్పలేదు. నానార్థములు చెప్పు మేదినీకోశము లంకాశబ్దమునకు రాక్షసపురి, కొమ్మ, శాకిని, కులట యను అర్థములను ఇచ్చినది. అందును నదిలోని నేల యను అర్థము లేదు. ద్వీపశబ్దమునకు పాణినీయము చెప్పు వ్యుత్పత్తి స్పష్టము: రెండు వైపుల అప్పు, అనగా నీరు, గలది. లంకకు అట్టి నిలుకడగల వ్యుత్పత్తి సంస్కృతమున కుదురలేదు. తెలుగు నిఘంటువుల సంగతి వేరు. 1852 లో అచ్చయిన బ్రౌను నిఘంటువున లంక యనగా ద్వీపము. బ్రౌను దొర రాజమహేంద్రవరమున కొలువు చేసినవాడు. ఈ యర్థము ఆయనకు పుస్తకములలో కంటె ముందు రేవులలో వినబడియుండుననుట తప్పు కాదు.

తమిళమునకు పోయినచో విషయము ఇంకను ఆసక్తికరమగుచున్నది. తమిళమున లకారము మాట మొదట నిలువదు గావున ఈ శబ్దము ఇలంగై యగుచున్నది. సింహళదేశమునకే గాక, ఏటి నడుమ తిట్టకును నిఘంటువులు ఈ పేరు చెప్పుచున్నవి. సంగకాలపు కావ్యమైన సిరుపాణాఱ్ఱుప్పడైలో కీర్తింపబడిన నల్లియక్కోడన్ అను రాజు ఏలిన ఊరు మావిలంగై. అది తొండైమండలపు ప్రాంతపుది, సముద్రము దాటినది కాదు. కాబట్టి ప్రాచీనకాలముననే దక్షిణదేశమున ఒకటి కంటె ఎక్కువ లంకలుండెను.

ఇట పండితులు ఆగి వాదించు తావొకటి కలదు. తెలుగున లకారముతో మొదలగు అచ్చతెనుగు మాటలు చాలవరకు ముందున్న అచ్చును పోగొట్టుకొన్నవో, దాని స్థానమును మార్చుకొన్నవో యైనవి: లోపలి యర్థముగల ఉళ్ అనుదానినుండి లో, ఇళ యనుదానినుండి లేత, ఇల్ అనుదానినుండి లేదు వచ్చినవి. అట్లే ఇలంగై వంటి పూర్వరూపమునుండి లంక వచ్చినదనుటకు వ్యాకరణము అడ్డు రాదు. కాని, పరభాషనుండి వచ్చిన మాటలకును తమిళము ఈ ఇకారమునే ముందు చేర్చును: లక్ష్మి ఇలక్కుమి యైనది, లక్షణము ఇలక్కణమైనది. కావున ఇకారమును చూపి లంకను ద్రావిడ మాట యనుటయు, దానినే చూపి సంస్కృతమునుండి అరువు తెచ్చిన మాట యనుటయు, రెండును ఒకే సాక్షిని ఇరువైపుల పిలుచుట యగును. ధ్వనిశాస్త్రము తీర్పు చెప్పలేని ఇట్టి చోట, మాట యెక్కడ ఎట్లు వాడుకలో నున్నదో చూచుటయే మిగిలిన మార్గము.

అట్లు చూచినప్పుడు నాకు తోచిన దిది. ప్రసిద్ధమైన పేరునుండి జాతివాచకము పుట్టుట లోకమున లేకపోలేదు. కాని అట్లు పుట్టిన మాట ఆ పేరునకు గల ప్రసిద్ధిని ఎంతో కొంత మోయుచుండును. రావణుని లంకనుండి మన లంకలు పుట్టినవైనచో, వానిలో ఐశ్వర్యమో, దుర్గమత్వమో, రాక్షసత్వమో కొంచెమైనను మిగిలి యుండవలెను. ఏమియు లేదు. పశువులు, బొబ్బర్లు, గోగు, రెల్లు, కాపుల యింటిపేర్లు మాత్రమే యున్నవి. పైగా ఈ మాట గోదావరితో ఆగలేదు. కొల్లేటి సరస్సు నడుమ మెరకలును లంకలే, కృష్ణలోని మేటలును లంకలే. నీటినుండి తేలిన నేలకు ఈ ప్రాంతపు జనులు సామాన్యముగా వాడిన మాట ముందుండి, అట్టి నేలలలో మిక్కిలి ప్రసిద్ధమైన యొకదానికి అది పేరుగా స్థిరపడినదని నా యభిప్రాయము. ఊరు అను సామాన్యశబ్దము కొన్ని గ్రామములకు పేరే యైనట్లు ఇదియు నైనది.

ఈ యభిప్రాయమునకు బలమిచ్చు సాక్ష్యము మన తెలుగు రాజులనుండియే లభించుచున్నది. ఒడిస్సాలోని సోన్‌పూరు మహానదికి తేలు నది గలియు తావున నున్నది. అచట నదిగర్భమున లంకేశ్వరి యను దేవతకు నెలవైన శిల కలదు. ఆ సీమను ఏలిన తెలుగుచోడులలో సోమేశ్వరుడు తన తామ్రశాసనమున పశ్చిమలంకాధిపతి యను బిరుదు దాల్చినాడు. సముద్రమునకు ఎన్నియో ఆమడల దూరమున, రెండు నదుల కూడలిలో నొక లంక, దానికి తెలుగువంశపు అధిపతి! సింహళము కాని లంక యొకటి కలదని ఆ రాజునకు సందేహము లేదు. పశ్చిమ యను విశేషణమును చేర్చుటయే లంకలు అనేకములని ఒప్పుకొనుట.

ఇరువదవ శతాబ్ది తొలిసగమున రావణుని లంక యెక్కడ నను చర్చ పత్రికలలో తీవ్రముగా సాగినది. ఇండోరు సర్దారు కిబే, మధ్యపరగణాల రాయబహదూరు హీరాలాలు అది అమరకంటకము ప్రాంతమనిరి. 1940 లో బెంగుళూరునుండి రామాయణము, లంక యను విషయముపై గ్రంథము ప్రకటించిన పరమశివయ్యరు జబ్బల్పూరు చేరువ కొండను చూపెను. జయపురమున నుండిన మన రామదాసుపంతులుగారును ఈ చర్చలో పాల్గొనిరి. 1973 లో పురావస్తుపండితులు సంకాలియా మరల దానిని కదిలించిరి. వారి నిర్ణయములతో నాకు పనిలేదు. లంక యనగా సింహళమే కానక్కరలేదు, నీటి నడుమ నేల యేదైనను కావచ్చును అను వాదమునకు గోదావరి లంకలును సాక్ష్యముగా రప్పింపబడినవనుట మాత్రము గుర్తింపదగినది. 1972 మే 22 న సిలోను శ్రీలంక యను పేరును రాజ్యాంగబద్ధముగా ధరించినప్పటినుండి ఈ వాదములు వినువారు తగ్గిరి.

జ్యోతిశ్శాస్త్రపు లంకను గూర్చి కొంచెము. ఆర్యభటాదులకు లంక భూమధ్యరేఖమీది యొక బిందువు. ఉజ్జయిని మీదుగా పోవు మధ్యాహ్నరేఖ ఆ రేఖను దాటుచోటు. అచటినుండి తొంబది తొంబది అంశల దూరమున యమకోటి, సిద్ధపురము, రోమకము ఉన్నవని సూర్యసిద్ధాంతము. ఆ చోట నిజముగా భూమి యున్నదా లేదా యనునది గణితమునకు అక్కరలేదు. ఇది పేరునుండి పుట్టిన పేరు. దానిని ఇంతటితో విడిచెదను.

మరల కోనసీమకు వత్తము. పరదేశముల చరిత్రకారుల పుస్తకములకు ఎక్కిన తొలి కోనసీమ లంక బహుశః బెండమూర్లంక. అల్లవరము ప్రాంతమున సముద్రమునకు చేరువనున్న ఈ ఊర 18వ శతాబ్ది నడుమ ఈస్టిండియా కంపెనీకి నేతబట్టలు కొను వర్తకశాల యుండెను. నరసాపురము కడ మాధవాయిపాలెము, యానాము కడ ఇంజరము, నడుమ బెండమూర్లంక: ఈ మూడింటిని 1757 లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకొనెను. ఆ యుద్ధచరిత్రను వ్రాసిన ఓర్ము దొర దీనిని బందరుమాలంక యని వినబడునట్లు వ్రాసినాడు. మరుసటి యేడు చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిన పిదప ఈ తీరమున వారి ప్రాబల్యము సన్నగిల్లినది. మాధవాయిపాలెము పేరు ఒక గుడ్డకు పేరై లోకమంతట తిరిగినది. బెండమూర్లంక పేరు ఇంటనే యుండిపోయినది.

లంకలు చేసిన మహోపకారము ఒకటి కలదు. దానిని మనవారు తగినంతగా తలచుకొనుట లేదని నాకు నొప్పి. ధవళేశ్వరము కడ గోదావరి గట్టునుండి గట్టునకు ఇంచుమించు నాలుగు మైళ్ళు. అంత వెడల్పున ఆనకట్ట కట్టుట ఆనాటి ధనమునకును పనివాండ్రకును మించిన పని. కాని అచ్చటనే పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక యను మూడు లంకలు నదిని నాలుగు పాయలుగా చీల్చియున్నవి. కాటను దొర ఈ లంకల నాధారము చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు తునుకలుగా ఆనకట్టను కట్టెను. 1847 లో మొదలైన పని 1852 నాటికి ముగిసినది. నాలుగింటి నిడివి కలిపి 11,945 అడుగులు, అనగా నది వెడల్పులో ఇంచుమించు సగము. తక్కిన దూరమున ఏటికి అడ్డుగా నిలిచినవి నది తానే పెట్టిన లంకలు. 1970 తరువాత కట్టిన నేటి బరాజు సయితము నాలుగు భాగములుగానే యున్నది. కోనసీమ వరిచేలలో పారు ప్రతి నీటిబొట్టును, ఈ మూడు లంకల ప్రక్కనుండి వచ్చినదే. మధ్యడెల్టా కాలువ తల బొబ్బర్లంక కడనే యున్నది. బ్రౌను నిఘంటువు వెలువడిన యేడును ఆనకట్ట ముగిసిన యేడును ఒక్కటే యగుట యాదృచ్ఛికమే యైనను, లంక యను మాట అక్షరములలోను, లంక యను నేల కట్టడములోను ఒక్కసారిగా స్థిరపడినట్లు నాకు తోచుచుండును.

ఆ తరువాత లంక మాట సముద్రము దాటినది, పొగాకుతో. ఒండ్రుమట్టిలో పెరిగిన పొగాకు దళసరిగా, జిగురుగా, ఘాటుగా నుండును. వరద తీసిన తడిలో నాటి, ఆకు కోసి, తాళ్ళకు గుచ్చి ఆరగట్టి, మగ్గబెట్టి, కట్టలు కట్టుదురు. ఆకును చేత పట్టినచో వ్రేళ్ళకు నూనె అంటినట్లు జిడ్డు అంటుకొనును. లంక పొగాకు అనునదియే వ్యాపారులలో దాని పేరు. ఇది తిరుచినాపల్లి, దిండిగల్లు చుట్టల పరిశ్రమకు తరలిపోయెడిది; చుట్టకే తెల్లవారు లుంకా యని పేరు పెట్టిరి. 1886 లో యూలు, బర్నెలు దొరలు కూర్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు చోటిచ్చి, గోదావరి డెల్టాలోని లంకలలో పండిన పొగాకుతో చేయుటచే ఆ పేరు వచ్చినదని సరిగా చెప్పినది. నాలుగేండ్లకు, 1890 లో, కానన్ డాయిల్ వ్రాసిన ద సైన్ ఆఫ్ ఫోర్ అను నవలలో షెర్లాక్ హోమ్స్ 140 రకముల పొగాకు బూడిదలపై తాను వ్రాసిన గ్రంథమును గూర్చి చెప్పుచు, హంతకుడు లుంకా కాల్చినాడని బూడిదనుబట్టి తేలినచో వెదకవలసిన పరిధి తగ్గిపోవును గదా యనెను. లండనులో ఆ పుస్తకము చదివిన వారిలో ఆ లుంకా గౌతమీ వసిష్ఠల ఒండ్రులో నాటిన మొక్కయని ఎరిగినవారు ఎందరుందురు? చదివిన మన కోనసీమవారిలోను ఎరిగినవారు కొద్దిమందియే. 1947 లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయమును వెలసినది. వంగదేశమున లంకా యనగా మిరపకాయ యని చెప్పినచో మనవారు నవ్వుదురు. కాని అచ్చట లంకామరిచము, ఇచ్చట లంకపొగాకు, పరదేశపు ఘాటు దినుసులు రెండును ఈ మాట చాటుననే మన యిండ్లలో చొచ్చినవి.

పొగాకు చెప్పి వరద చెప్పకున్న లంక సగమే చెప్పినట్లు. ధవళేశ్వరము కడ నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. గట్టునకు ఇవతల నున్నవారికి ఇవి వార్తలు. లంకవారికి ఇవి పనుల పట్టిక. మొదటి హెచ్చరిక వినబడుటతో కాజ్‌వేలు మునుగును, పడవలు కట్టుకొనవలెను; పశువులను ముందుగా గట్టునకు తోలవలెను; వడ్లబస్తాలు అటకమీదికి పోవలెను. 1986 ఆగస్టు వరదను చూచినవారు నేటికిని గోడమీద నీరు నిలిచిన గీతను చేతితో తాకి చూపుదురు. 2022 జూలై వరదకు లంక గ్రామములు మరల దినముల తరబడి నీటిలోనుండెను. ఇంత జరిగినను నీరు తీసిన పిదప కొత్త ఒండ్రుమీద విత్తు వేయుటకు తొందరపడుదురు. దూరమునుండి చూచువారు, లంకవారు అచ్చట ఏల యుందురని అడుగుదురు; నష్టము చేసిన నీరే నేలకు సారము నిచ్చినదని ఎరిగినవారి కా ప్రశ్న తోచదు. వారికి వంతెనలు కావలెను, ఏటికోతకు రాతికట్టు కావలెను, పడవ లేని వేళను వైద్యుడు అందవలెను. ఈ కోరికలు న్యాయమైనవనియు, ఇంకను తీరవలసియున్నవనియు నేను గట్టిగా చెప్పుదును.

పడవకై వేచియుండువారి ఆకలినుండియే కోనసీమ పుణ్యచరిత్ర యొకటి పుట్టినది. వైనతేయ చీలు తావున, చుట్టును లంకలుండుటచే లంకల గన్నవరమని పేరుపొందిన ఊర డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏరు దాటి వచ్చువారికి, దాటలేక ఆగిపోయినవారికి వేళాపాళ లేక అన్నము పెట్టిరి. ఆ యూరి వద్దనే 1850 ప్రాంతమున హేగు దొర 49 కమానులతో కాలువను నదిమీదుగా నడపించి నగరం సీమకు నీరిచ్చెను. తరువాత కట్టిన కొత్త అక్విడక్టునకు సీతమ్మగారి పేరు పెట్టుట ఎంతయు తగియున్నది. ఇంగ్లీషు ఇంజనీర్లు ఆ నగరం సీమను కాగితములలో నగరం ఐలండు అనిరి. జనులు దానిని లంక యనలేదు. ఏది లంక, ఏది కాదు అను వివేచన వారికి ఉన్నది.

ఆ వివేచనకు నాకు దొరకిన మిక్కిలి గొప్ప సాక్ష్యము ముమ్మిడివరము మండలమున నున్నది. అచ్చట ఠాణేలంక యను ఊరు కలదు. పేరులో లంక యున్నను, అది యిప్పుడు వీధులు, కొబ్బరితోటలు, బడి, రాకపోకలు గల స్థిరమైన గ్రామము. దాని ప్రక్క ఏటిలో తరువాత మరియొక లంక పుట్టినది; ఆ ఊరివారే పోయి సాగు చేసికొనిరి. దానికి పేరేమి? ఠాణేలంక యొక్క లంక. రెవెన్యూ లెక్కలలో ఇంగ్లీషు పొడి మాట నడుమ జేరి లంక ఆఫ్ ఠాణేలంక యైనది. జనుల నోట అది లంకాఫ్ ఠాణేలంక. విన్నవారికి ఒకే మాట రెండుమార్లు వచ్చినట్లుండును గాని, ఆ రెండు లంకలు ఒకటి కావు. రెండవ లంక ఊరిపేరులో గడ్డకట్టిన మాట. దాని యర్థమును ఎవరును తలపరు. మొదటి లంక ఈనాటికిని ఏటినుండి తేలుచున్న నేలకు జనులు వాడుచున్న మాట. పాత లంక గట్టిపడి ఊరైనప్పుడు పేరైపోయినది, కొత్త మేటకు మాట మరల సిద్ధముగా నున్నది. వేలయేండ్ల క్రిందట సింహళమునకో, సోన్‌పూరునకో, మావిలంగైకో జరిగియుండునని నేను పైన ఊహించినది, ఇచ్చట కొలది తరములలో, గ్రామకరణము దస్తరములో జరిగియున్నది.

వచ్చు సంచికలో బలుసుతిప్ప, మగసానితిప్ప మొదలగు సముద్రతీరపు ఊళ్ళ పేర్లలోని తిప్ప యను మాటను, దానికి మడయడవులతో గల సంబంధమును విచారింతము.

(సశేషము)